తాళం పెంచితే చిప్పు ఆడుతుందా?

కోలాటం మీరంతా చూసే వుంటారు. మధ్యలో నిలబడ్డ గురువు తాళం వేస్తూ వుంటాడు. చుట్టూ తిరిగేవాళ్ళు ఆ తాళానికి ఒక అడుగు వేసి, పక్కవాళ్ళ కోలకి తమ కోల తగిలించి, మళ్ళీ ఇంకో అడుగు వేస్తారు. తాళానికీ తాళానికీ మధ్య ఎవరి పని వాళ్ళు పూర్తిచేసుకోవాలి. గురువు కొంచెం జోరు పెంచాడనుకోండి. ఆట రక్తికడుతుంది. ఇంకొంచెం పెంచితే ఇంకా బాగుంటుంది. మరికొంచెం పెంచేసరికి, అందరికన్నా ఎక్కువ దూరం తిరిగి రావలసిన కుర్రాడు ఒక్క అడుగు వెనకబడతాడు. వాడి కోల గాలిలో తిరుగుతుంది. లేదా పక్కవాడి వేళ్ళకి తగులుతుంది!

కంప్యూటరులో లెక్కలన్నీ చేసే ప్రాసెసరు అనే చిప్పు లోపల జరిగేదీ ఇలాంటి కోలాటమే. అందులో కోట్లకొద్దీ ట్రాన్సిస్టర్లు వుంటాయి. ఒక్కొక్కటీ ఒక బుల్లి స్విచ్చి. అవన్నీ తమ ఇష్టం వచ్చినప్పుడు కదిలితే లెక్క తేలదు. అందుకని ఒక తాళానికి కట్టుబడి కదులుతాయి. ఆ తాళాన్నే క్లాక్ అంటారు. పేరు గడియారమే అయినా ఇది టైము చూపించేది కాదు. సెకండుకి ఇన్నిసార్లని క్రమం తప్పకుండా వచ్చే విద్యుత్ స్పందన. పది లక్షల సార్లు వస్తే మెగాహెర్ట్జ్, వంద కోట్ల సార్లు వస్తే గిగాహెర్ట్జ్. కంప్యూటరు డబ్బామీద 3.6 గిగాహెర్ట్జ్ అని రాసివుంటే, సెకండుకి 360 కోట్ల తాళాలన్నమాట.

తయారుచేసినవాళ్ళు చెప్పిన వేగంకన్నా ఎక్కువ వేగంతో ఈ తాళం వేయించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. పైసా ఖర్చు లేకుండా కంప్యూటరు జోరు పెరుగుతుందంటే ఎవరికి ఆశ వుండదు? చవక రకం మదర్‌బోర్డు, చవక రకం ప్రాసెసరు కొనుక్కున్నవాళ్ళకి ఆ ఆశ మరీ ఎక్కువ. అందులో నిజమెంత, ప్రమాదమెంత అన్నది చూద్దాం.

తాళం ఎక్కణ్ణించి వస్తుంది?

మదర్‌బోర్డు అంటే కంప్యూటరులోని భాగాలన్నిటినీ కలిపే పెద్ద అట్టలాంటి పలక. దానిమీద వెండిరంగు రేకుతో చేసిన చిన్న డబ్బీ ఒకటి కనిపిస్తుంది. దాని లోపల సన్నటి క్వార్ట్జ్ పలక వుంటుంది. క్వార్ట్జ్ అంటే ఇసుకలో వుండే పదార్థమే, శుద్ధమైన స్ఫటిక రూపంలో. దానికి విద్యుత్తు తగిలితే కంపిస్తుంది. కంపిస్తే తిరిగి విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ కంపనం వేగం స్ఫటికం ఆకారాన్నీ మందాన్నీ బట్టి స్థిరంగా వుంటుంది. చేతిగడియారంలోని స్ఫటికం సెకండుకి 32,768 సార్లు కంపిస్తుంది. మొత్తం కంప్యూటరుకి లయ ఇచ్చేది కూడా ఇలాంటి గులకరాయి ముక్కే.

1981లో ఐబిఎం కంపెనీ తెచ్చిన పర్సనల్ కంప్యూటరులో 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికం వుండేది. ఆ తాళాన్ని మూడుతో భాగించి, 4.77 మెగాహెర్ట్జ్ చేసి, ఇంటెల్ 8088 అనే ప్రాసెసరుకి అందించేవాళ్ళు. అదే కంపెనీ 1984లో తెచ్చిన ఏటీ అనే కంప్యూటరులో 12 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని సగం చేసి 6 మెగాహెర్ట్జ్ వాడారు. కొంతమంది చురుకైనవాళ్ళు ఆ స్ఫటికాన్ని పీకి, దాని స్థానంలో 16 మెగాహెర్ట్జ్ స్ఫటికం పెట్టారు. అందులో సగం 8 కదా! కంప్యూటరు అంత జోరుగానూ నడిచింది. ఐబిఎం వాళ్ళకిది నచ్చలేదు. తరవాత వచ్చిన యంత్రాల్లో, మొదలయ్యేటప్పుడే వేగాన్ని కొలిచి, ఎక్కువగా వుంటే పని చెయ్యకుండా ఆగిపోయే ఏర్పాటు పెట్టారు.

ఆ తరవాత స్ఫటికాలు పీకే అవసరం పోయింది. ఒకే స్ఫటికాన్ని ఆధారం చేసుకుని రకరకాల తాళాలు పుట్టించే చిప్పు మదర్‌బోర్డు మీదికి వచ్చింది. మదర్‌బోర్డు ఇచ్చే తాళాన్ని ప్రాసెసరు లోపల వుండే ఇంకో వలయం ఇన్ని రెట్లని హెచ్చించుకుంటుంది. మొదటిదాన్ని మూలతాళం అనీ, రెండోదాన్ని గుణకం అనీ పిలుద్దాం. రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేదే ప్రాసెసరు వేగం. కాబట్టి వేగం పెంచాలంటే మూలతాళమైనా పెంచాలి, గుణకమైనా పెంచాలి.

మూడువందల చిప్పు కథ

1998 ఆగస్టు 24న ఇంటెల్ కంపెనీ ఒకే రోజున ఖరీదైన చిప్పునీ, చవక చిప్పునీ విడుదల చేసింది. ఖరీదైనది పెంటియం 2. దాని మూలతాళం 100 మెగాహెర్ట్జ్, గుణకం నాలుగున్నర, వేగం 450. టోకు ధర 670 డాలర్ల దరిదాపుల్లో వుండేది. చవకది సెలెరాన్ 300ఏ. మూలతాళం 66 చిల్లర, గుణకం నాలుగున్నర, వేగం 300. ధర సుమారు 150 డాలర్లు.

గమనించారా? రెండింటి గుణకమూ ఒకటే! అంటే సెలెరాన్‌కి 66 బదులు 100 తాళం వేస్తే, అదీ 450 అయిపోవాలి. లెక్క ప్రకారం అవాలి సరే, నిజంగా అయిందా? అయింది. చాలా చిప్పులు ఏ తంటాలూ లేకుండా అంత వేగానికి ఆడాయి. కొన్నిటికి మాత్రం 2 వోల్టుల విద్యుత్తుని ఇంకాస్త పెంచవలసి వచ్చింది.

ఇందులో ఇంకో తమాషా కూడా వుంది. ప్రాసెసరు తరచు వాడే అంకెల్ని దగ్గర పెట్టుకోవడానికి కాష్ అనే చిన్న మెమరీ వుంటుంది. పెంటియం 2లో అది 512 కిలోబైట్లు. కాని అది వేరే చిప్పుల్లో వుండి, ప్రాసెసరు వేగంలో సగంతోనే పని చేసేది. సెలెరాన్ 300ఏలో 128 కిలోబైట్లే. అయితే అది ప్రాసెసరుతోపాటే ఒకే సిలికాన్ ముక్కమీద వుండి పూర్తి వేగంతో పని చేసేది. చిన్నదైనా చేతికందే దూరంలో వున్న పోపులడబ్బా, పక్కగదిలో వున్న పెద్ద సరుకుల బీరువాకన్నా వంటకి ఎక్కువ పనికొస్తుంది కదా. అందుకని 450తో ఆడించిన చవక చిప్పు, చాలా పనుల్లో ఖరీదైన చిప్పుకి సరిసమానంగా నిలబడింది.

గుణకం మార్చడానికి వీల్లేకుండా ఇంటెల్ ఫ్యాక్టరీలోనే బిగించేసింది. తాళానికి తాళం వేశారన్నమాట! దీనికో కారణం వుంది. తక్కువ వేగం చిప్పులమీద అంకెలు చెరిపేసి, పెద్ద అంకెలు అచ్చువేసి అమ్మే దొంగ వ్యాపారులు ఆ రోజుల్లో వుండేవాళ్ళు. వాళ్ళని ఆపాలి. ఖరీదైన చిప్పుల అమ్మకం పడిపోకూడదన్న ఆలోచన కూడా కంపెనీకి వుండే వుంటుందని అనుకోవడంలో తప్పు లేదు. గుణకం బిగించినా, మూలతాళం మదర్‌బోర్డు చేతిలో వుండిపోయింది. నాకు 66 చాలు అన్న సంగతిని చిప్పు తన అంచున వున్న ఒక లోహపు కాంటాక్టు ద్వారా బోర్డుకి చెప్పేది. బీ వరసలో 21వ కాంటాక్టు అది. దానిమీద సన్నటి టేపు ముక్క అంటిస్తే ఆ కబురు బోర్డుకి చేరదు. బోర్డు 100 ఇచ్చేస్తుంది! ఎబిట్ కంపెనీ బిహెచ్6 వంటి బోర్డుల్లో టేపు కూడా అక్కర్లేకపోయింది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరమీద వచ్చే పట్టికలోనే తాళాన్నీ వోల్టేజినీ ఎంచుకోవచ్చు.

300 చిప్పులో 450 ఎలా దాగివుంది?

ప్రాసెసర్లని ఒక్కొక్కటిగా చెయ్యరు. పళ్ళెమంత సిలికాన్ బిళ్ళమీద వందల కొద్దీ ఒకేసారి తయారుచేసి, తరవాత ముక్కలుగా కోస్తారు. పెనంమీద దోశె మధ్యలో కాలినట్టు అంచుల్లో కాలదు. అలాగే ఎంత జాగ్రత్త పడ్డా, ఒకే బిళ్ళమీది చిప్పులన్నీ ఒక్కలా రావు. కొన్ని చురుకైనవి, కొన్ని మందమైనవి. ప్రతిదాన్నీ పరీక్ష చేసి, ఏ వేగంతో తప్పులేకుండా పని చేస్తుందో చూసి, వేరువేరు గంపల్లో వేసినట్టు వేరుచేస్తారు.

ఈ పరీక్ష మెత్తగా వుండదు. చిప్పు బాగా వేడెక్కివున్నా, వోల్టేజి కాస్త పడిపోయినా, ఏళ్ళ తరబడి వాడి పాతబడిపోయినా, ఆ వేగం తప్పకూడదు. కాబట్టి చిప్పు చెయ్యగలిగినదానికన్నా కొంత తక్కువే అచ్చువేస్తారు. ఆ తేడాని అంచు అనుకుందాం. దీనికి వ్యాపారం కూడా తోడవుతుంది. తయారీ బాగా కుదురుకున్నాక మందమైన చిప్పులు తక్కువగా వస్తాయి. కాని బజారులో చవక చిప్పులు అడిగేవాళ్ళే ఎక్కువ. అప్పుడు చురుకైనవాటిమీద కూడా చిన్న అంకె వేసి అమ్మక తప్పదు. సెలెరాన్ 300ఏ విషయంలో ఆ అంచు అంత పెద్దదిగా వుండటానికి ఇదే కారణం.

అంటే చిప్పుమీది అంకె కంపెనీ ఇచ్చే హామీ. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళు ఆ హామీని వదులుకుని, అంచులో ఎంత మిగిలివుందో తామే వెతుక్కుంటారు. ఆ అంచు ఎక్కడ అయిపోతుందో చిప్పుమీద రాసివుండదు.

తాళం తప్పితే ఏమవుతుంది?

అంచు దాటితే కంప్యూటరు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగిపోతే మంచిదే! అసలు చిక్కు అది కాదు. కాగితం, పెన్సిలు తీసుకుని 9999కి 1 కలపండి. ఒకట్ల స్థానంలో 9, 1 కలిస్తే 10. సున్న వేసి ఒకటి చేతిలో వుంచుకుంటారు. దాన్ని పదుల స్థానంలో కలిపితే మళ్ళీ సున్న, మళ్ళీ చేతిలో ఒకటి. అలా ఆ ఒకటి కుడి చివరనించి ఎడమ చివర దాకా నడిచి వెళితేనే 10000 అనే జవాబు వస్తుంది. మీరు రెండు స్థానాలు పూర్తిచేసేసరికి మాస్టారు గంట కొట్టి కాగితం లాగేసుకున్నారనుకోండి. దానిమీద 9900 అని వుంటుంది. పూర్తిగా తప్పు. కాని చూడటానికి అదీ ఒక సంఖ్యే. తప్పని దాని మొహాన రాసివుండదు.

ఇప్పుడు 1234కి 1 కలపండి. చేతిలో వుంచుకునేది ఏదీ లేదు. మాస్టారు అంత త్వరగా లాక్కున్నా జవాబు సరిగ్గానే వుంటుంది.

ప్రాసెసరు కూడేది రెండంకెల పద్ధతిలో, ఇప్పటి చిప్పుల్లో 64 స్థానాలతో. చేతిలో వుంచుకున్నది త్వరగా చేరేందుకు ఇంజనీర్లు చాలా అడ్డదారులు కనిపెట్టారు. అయినా ఏదో ఒక దారి అన్నిటికన్నా పొడుగైనది వుండి తీరుతుంది. కోలాటంలో దూరం తిరిగివచ్చే కుర్రాడన్నమాట. చిప్పు వేగానికి హద్దు వాడే. 4 గిగాహెర్ట్జ్ వేగంలో తాళానికీ తాళానికీ మధ్య సెకండులో 400 కోట్లవ వంతు కాలమే వుంటుంది. ఆ వ్యవధిలో కాంతి సైతం ఏడున్నర సెంటీమీటర్లు మాత్రమే పోగలదు. ఇంత కొద్ది కాలంలో విద్యుత్ సంకేతం ఎన్నో స్విచ్చిల్ని దాటి గమ్యం చేరాలి.

తాళం పెంచిన కంప్యూటరు రోజులతరబడి చక్కగా పనిచేసి, ఒకనాడు ఉన్నట్టుండి ఎందుకు తప్పుతుందో ఇప్పుడు మీకు అర్థమై వుంటుంది. రోజూ ఎక్కువగా వచ్చేవి 1234 లాంటి లెక్కలు. 9999 లాంటిది ఎప్పుడో వస్తుంది. ఆ తప్పు ఆటలో ఒక చుక్క రంగు మారడంగా కనిపిస్తే ఫరవాలేదు. అదే తప్పు అన్నయ్య కాలేజీ ప్రాజెక్టు ఫైలులోనో, అమ్మ దాచుకున్న పెళ్ళి ఫోటోల్లోనో పడితే? అది పడిన రోజున ఎవరికీ తెలియదు. ఎప్పుడో తెరిచి చూసినప్పుడు బయటపడుతుంది. ఇంటికి ఒకటే కంప్యూటరు వుండే మనబోటివాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

వోల్టేజి పెంచితే సరిపోదా?

కుర్రాడు వెనకబడుతున్నాడంటే వాడికింత బలమైన తిండి పెడదాం అనుకోవచ్చు. చిప్పుకి ఆ తిండి వోల్టేజి. ట్రాన్సిస్టరు ఒక స్థితినించి ఇంకో స్థితికి మారాలంటే, దాని ముందున్న తీగలోకి కొంత విద్యుదావేశం చేరాలి. కుళాయి కింద బిందె పెట్టినట్టే ఇది. టాంకు ఎత్తుమీద వుంటే ధార జోరుగా వచ్చి బిందె త్వరగా నిండుతుంది. అలాగే వోల్టేజి పెంచితే స్విచ్చి త్వరగా మారుతుంది. వెనకబడ్డ సంకేతం వేళకి అందుకుంటుంది.

అయితే ప్రతి తాళానికీ నింపిన బిందెని పారబోసి మళ్ళీ నింపాలి. పారబోసినదంతా వేడిగా మారుతుంది. ఈ వేడి రెండు విషయాలమీద ఆధారపడుతుంది. ఒకటి వేగం. రెట్టింపు వేగమైతే రెట్టింపు వేడి. రెండోది వోల్టేజి వర్గం. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు! ఈ వర్గం దగ్గరే అసలు కష్టమంతా వుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. 4 గిగాహెర్ట్జ్ వేగంతో, 1.2 వోల్టులతో పనిచేసే ప్రాసెసరు 65 వాట్ల వేడి పుట్టిస్తోందనుకోండి. దాన్ని 4.6 గిగాహెర్ట్జ్‌కి పెంచాలి. అంటే వేగం నూటికి 15 వంతులు ఎక్కువ. అందుకు వోల్టేజిని కూడా నూటికి 15 వంతులు పెంచి, 1.38 చెయ్యవలసి వచ్చిందనుకుందాం. ఇప్పుడు వేడి 1.15ని మూడుసార్లు హెచ్చవేసినన్ని రెట్లు, అంటే 1.52 రెట్లు అవుతుంది. 65 వాట్లు 99 వాట్లయ్యాయి. వేగం 15 వంతులు, వేడి 52 వంతులు! బేరం ఎలా వుందో మీరే చెప్పండి. పైగా ఆ 15 వంతులూ చేతికి రావు. కంప్యూటరు చాలాసేపు మెమరీ కోసమో, డిస్కు కోసమో, మీ వేలి కోసమో ఎదురుచూస్తూ కూచుంటుంది. ఆ ఎదురుచూపు ప్రాసెసరు వేగం పెరిగినంత మాత్రాన తగ్గదు.

వోల్టేజీ, వేడీ పెరిగితే చిప్పు ఆయువు కూడా తగ్గుతుంది. చిప్పులోని తీగలు వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నం. వాటిలో ఎలక్ట్రాన్లు దట్టంగా ప్రవహిస్తుంటే, ఏటి వరద గట్టు మట్టిని కోసుకుపోయినట్టు లోహపు పరమాణువుల్ని కొంచెం కొంచెంగా నెట్టుకుపోతాయి. చివరికి తీగ తెగుతుంది. ప్రవాహం, ఉష్ణోగ్రత పెరిగితే ఈ కోత ఎంత త్వరగా జరుగుతుందో లెక్కకట్టే సూత్రాన్ని మోటరోలా కంపెనీలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లో ప్రకటించాడు. చిప్పుల ఆయువు అంచనా వెయ్యడానికి దాన్ని ఈనాటికీ వాడుతున్నారు.

చవక బోర్డు ఎక్కడ దొరికిపోతుంది?

ఇంతవరకూ ప్రాసెసరు గురించే చెప్పుకున్నాం. నిజానికి చాలాసార్లు ముందు చేతులెత్తేసేది ప్రాసెసరు కాదు, దాన్ని మోస్తున్న బోర్డు.

1998 నాటి సంగతే చూడండి. మూలతాళం ప్రాసెసరు ఒక్కదానికే కాదు. దాన్ని భాగించి డిస్కు, సౌండు కార్డు వగైరాలు వుండే పీసీఐ అనే దారికి కూడా ఇస్తారు. ఆ దారికి 33 మెగాహెర్ట్జ్ మించకూడదు. మంచి బోర్డులు 66ని రెండుతో, 100ని మూడుతో భాగించేవి. రెండు విధాలా 33 వచ్చేది. చవక బోర్డుల్లో 100 వుండేది కాదు. కొన్నిటిలో 75, 83 మాత్రం వుండేవి. వాటినీ రెండుతోనే భాగించేవి! 83ని రెండుతో భాగిస్తే 41న్నర. ప్రాసెసరు హాయిగానే వుండేది. పక్కనున్న డిస్కు మాత్రం ఆ జోరుకి తట్టుకోలేక తప్పుడు అక్షరాలు రాసుకునేది. కోలాటంలో గురువు ఆటగాళ్ళ కోసం తాళం పెంచితే, పాపం, వెనకాల పాడే ముసలాయనకి ఊపిరి అందనట్టు! 300 చిప్పుని సగం దూరం పెంచినవాళ్ళు డిస్కు పోగొట్టుకోవడం, ఏకంగా 100కి పెంచినవాళ్ళు సుఖంగా వుండటం ఈ భాగహారం వల్లనే.

ఈ రోజుల్లో మూలతాళం 100 దగ్గరే వుంచేసి, గుణకాన్నే మారుస్తారు. కాబట్టి ఆ చిక్కు లేదు. దానికి బదులు ఇంకోటి వచ్చింది.

కంప్యూటరు పవర్ సప్లయి బోర్డుకి 12 వోల్టులు ఇస్తుంది. ప్రాసెసరుకి కావలసింది 1.2 వోల్టులు. ఈ మార్పు చేసేది ప్రాసెసరు పక్కనే వరసగా వుండే వోల్టేజి రెగ్యులేటరు. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయని మీరు చదువుకునే వుంటారు. ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టులమీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే తీసుకుంటుంది. మన లెక్కలోని 65 వాట్ల ప్రాసెసరు 1.2 వోల్టులమీద 54 ఆంపియర్లు తీసుకుంటుంది! అదీ గోరంత సిలికాన్ ముక్కలోకి.

ఇంత బరువు ఒక్క వలయం మొయ్యలేదు. అందుకని నాలుగైదు వలయాలు పల్లకీ బోయీల్లా వంతులవారీగా మోస్తాయి. వీటిని ఫేజులు అంటారు. ఖరీదైన బోర్డులో పన్నెండు, పదహారు బోయీలు వుండచ్చు. వాటిమీద వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మలు కూడా వుంటాయి. చవక బోర్డులో నలుగురే బోయీలు, నెత్తిన తలగుడ్డ కూడా వుండదు. మన ప్రాసెసరుని 99 వాట్లకి పెంచితే ప్రవాహం 54నించి 72 ఆంపియర్లకి పోతుంది. తీగలోనూ స్విచ్చిలోనూ పుట్టే వేడి ప్రవాహం వర్గాన్ని బట్టి వుంటుంది కనక, బోయీలకి తగిలే వేడి ఇంచుమించు ఒకటిముప్పావు రెట్లవుతుంది. అంత వేడికి రెగ్యులేటరు తనని తాను కాపాడుకోవాలని ప్రాసెసరుని బలవంతంగా నెమ్మది చేస్తుంది. అందువల్లనే చవక బోర్డుమీద తాళం పెంచినవాళ్ళు మొదటి రెండు నిమిషాలు మంచి అంకెలు చూసి సంబరపడతారు. పావుగంట తరవాత చూస్తే మామూలు వేగంకన్నా తక్కువగా వుంటుంది!

అన్ని చవక బోర్డులూ ఇలా ఓడిపోతాయని కాదు. 2014లో పెంటియం అనే పేరుకి ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా ఇంటెల్ జి3258 అనే చిప్పుని తెచ్చింది. ధర 72 డాలర్లు, వేగం 3.2 గిగాహెర్ట్జ్, గుణకానికి తాళం లేదు. దాన్ని చవక బోర్డులమీద పెట్టి 4.2 దాకా, ఆపైన కూడా తీసుకెళ్ళినవాళ్ళున్నారు. కారణం చాలా సులువు. అందులో వున్నవి రెండే కోర్లు, అంటే లెక్కచేసే మెదళ్ళు రెండే. వాటి ఆకలి తక్కువ. పల్లకీలో కూచున్నది చిన్నపిల్లాడైతే నలుగురు బోయీలు చాలు కదా!

మన ఎండల సంగతి

ఓవర్‌క్లాకింగ్ గురించి గొప్పగా చెప్పే లెక్కల్లో చాలావరకు చల్లటి దేశాల్లోని గదుల్లో చేసినవే. ప్రాసెసరు నెత్తిన వుండే ఫాను, లోహపు దిమ్మ వేడిని మాయం చెయ్యవు. గదిలోని గాలికి అందిస్తాయి, అంతే. గదికన్నా చల్లగా చెయ్యడం వాటివల్ల కాదు. మామూలు కూలరు వాటుకి అర డిగ్రీ చొప్పున వేడెక్కనిస్తుందనుకుందాం. 99 వాట్లకి 49న్నర డిగ్రీలు. జనవరిలో గది 25 డిగ్రీలుంటే చిప్పు 75 దగ్గర వుంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది 42 వుంటే, చిప్పు 92కి చేరుతుంది. ఫానుకి దుమ్ము పట్టి వుంటే ఇంకా పైకి పోతుంది. దాదాపు 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్లు తామే వేగం తగ్గించుకుంటాయి. జనవరిలో పరీక్షలో నెగ్గిన అమరిక మేలో తప్పిందంటే ఆశ్చర్యం లేదు. వేడెక్కినకొద్దీ ట్రాన్సిస్టర్ల చురుకు తగ్గి అంచు కూడా కుంచించుకుపోతుంది.

తెలిసినవాళ్ళు ఎలా చేస్తారు?

పెద్దవాళ్ళ అనుమతితో, పోయినా బాధలేని పాత కంప్యూటరుమీద చేసేవాళ్ళు ముందు ఫైళ్ళన్నీ వేరేచోట దాచుకుంటారు. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే బయాస్ పట్టికలో గుణకాన్ని ఒక్కొక్క మెట్టే పెంచుతారు. వోల్టేజి జోలికి మొదట్లో పోరు. మెట్టు పెంచినప్పుడల్లా ఉష్ణోగ్రత చూస్తారు, పరీక్ష పెడతారు. తెర వెలగకుండా ఆగిపోతే, బోర్డుమీద గుండ్రటి బ్యాటరీ దగ్గర వుండే రెండు సూదుల్ని కలిపి, అమరికలన్నీ చెరిపేసి మొదటికి వస్తారు.

పరీక్షకి చాలామంది వాడింది ప్రైమ్95 అనే ప్రోగ్రాము. జార్జ్ వోల్ట్‌మన్ దాన్ని తయారుచేసింది ఓవర్‌క్లాకింగ్ కోసం కాదు. రెండుని కొన్నిసార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చే 7, 31, 127 లాంటి ప్రధాన సంఖ్యలున్నాయే, వాటిలో బ్రహ్మాండమైనవి వెతకడానికి. 1996నించి ప్రపంచంలో వేలమంది తమ కంప్యూటర్లతో ఈ వెతుకులాటలో పాల్గొంటున్నారు. వారాల తరబడి సాగే ఆ లెక్కలో ఒక్క అంకె తప్పినా మొత్తం వృథా. అందుకని జవాబు ముందే తెలిసిన లెక్కల్ని గంటల తరబడి చేయించి, సరిచూసే పరీక్ష అందులో పెట్టారు. 9999 లాంటి లెక్కలు ఎదురయ్యేదాకా వదలని పరీక్ష అది. గంటకే నెగ్గిందని వదిలేస్తే అర్థం లేదు.

ఇక ఇప్పటి చిప్పులు. 2008 తరవాత వచ్చిన ప్రాసెసర్లు తమ ఉష్ణోగ్రతనీ, ప్రవాహాన్నీ తామే కొలుచుకుంటూ, వీలున్నప్పుడల్లా తాళం తామే పెంచుకోవడం నేర్చాయి. 300 చిప్పులో దాగివున్నంత అంచు వీటిలో మిగలదు. కంపెనీయే చాలావరకు వాడేస్తోంది. ఇంటెల్ సాధారణంగా తన చిప్పుల్లో పేరు చివరి అక్షరాల్లో కె వున్నవాటికే, అదీ ఖరీదైన జెడ్ తరగతి బోర్డులమీదే, గుణకం పెంచనిస్తుంది. ఏఎమ్‌డీ కంపెనీ 2017లో తెచ్చిన రైజెన్ చిప్పుల్ని మధ్యరకం బీ350 బోర్డులమీద కూడా పెంచుకోనిచ్చింది. అన్నిటికన్నా చవకైన ఏ320 బోర్డుల్లో ఆ వీలు లేదు.

చవక బోర్డువాళ్ళకి అదే వర్గం లెక్క రెండోవైపునించి పనికొస్తుంది. చిప్పుకి అంచు వుందంటే, అదే వేగానికి అంత వోల్టేజి అక్కర్లేదనే కదా అర్థం! 1.2 బదులు 1.1 వోల్టులిచ్చి, వేగం 4 గిగాహెర్ట్జ్ దగ్గరే వుంచారనుకోండి. వేడి 65 వాట్లనించి 55కి పడుతుంది. ఫాను నెమ్మదిగా తిరుగుతుంది, బోయీల బరువు తగ్గుతుంది. వోల్టేజి తగ్గించనిచ్చే బోర్డుల్లో ఇలా చేసేవాళ్ళు కూడా పైన చెప్పిన పరీక్షలన్నీ పెట్టవలసిందే. అంచుని ఏవైపునించి తిన్నా, అది అయిపోయినచోట 9999కి 1 కలిపితే 9900 వస్తుంది.